లచ్చవ్వ ఊపిరి లెక్క

2019 వానాకాలం. జగిత్యాల జిల్లా అయి మూడేళ్ళవుతున్నా, జబ్బు కాస్త ముదిరిందంటే మా వైపు జనం కరీంనగర్ తోవ పట్టవలసిందే. నేను అప్పుడు కోరుట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. ఇరవై రెండు పడకలు, ఒక ఫిజీషియన్ సారు, పగటి డ్యూటీలో ఇద్దరం నర్సులం. ఆ నెలంతా జ్వరాలు. పడకలు నిండిపోయి వరండాలో కూడా మంచాలు వేశాం.

మాది మల్యాల దగ్గర పల్లె. అమ్మా నాన్నా కూలికి పోయి నన్ను నర్సింగు చదివించారు. అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి పదకొండేళ్ళు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే ఆ రోజు జరిగింది కొత్తదాన్ని కావడం వల్ల జరిగింది కాదు.

పొద్దున తొమ్మిదిన్నరకు ఒక తల్లీ కూతురూ ఆటో దిగారు. తల్లి పేరు లచ్చవ్వ. యాభై నాలుగేళ్ళు. ముత్యంపేటలో బీడీలు చేసే మనిషి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. కూతురు రజితను సిరిసిల్ల ఇచ్చారు, అల్లుడు పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు. తల్లికి బాగాలేదని పక్కింటివాళ్ళు ఫోను చేస్తే రజిత తెల్లారకముందే బయలుదేరి వచ్చింది.

లచ్చవ్వ పొట్ట మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, ముందుకు వంగి నడిచింది. మంచం మీద పడుకోమంటే పడుకోలేకపోయింది. వంగి కూర్చుంటేనే కొంచెం నయమంది.

"ఎప్పటిసంది నొప్పి అవ్వా?" అని అడిగాను.

"నిన్న పొద్దూకంగ మొదలైంది బిడ్డా. గ్యాసు అనుకున్న. రెండేండ్ల సంది ఊకె అత్తది, పోతది."

"పదిట్ల ఎంత నొప్పి ఉన్నదంటవ్?"

ఆమె నా ముఖం చూసి నవ్వడానికి ప్రయత్నించింది. "పదిట్లనో ఇరువైట్లనో నాకేం తెలుసు బిడ్డా. పాణం బాగలేదు, గంతే."

రక్త పరీక్షలు పంపాం. లైపేజ్ బాగా ఎక్కువొచ్చింది. స్కానింగులో పిత్తాశయంలో రాళ్ళు కనిపించాయి. సారు చూసి "పాంక్రియాటైటిస్" అన్నారు. పాంక్రియాస్ అంటే క్లోమం. కడుపు వెనకాల అడ్డంగా ఉండే గ్రంథి. తిన్నది అరగడానికి కావలసిన రసాలు అందులో ఊరతాయి. పిత్తాశయపు రాయి జారి వచ్చి దాని దారికి అడ్డం పడితే, పేగులోకి పోవలసిన ఆ రసాలు లోపలే ఉండి క్లోమాన్నే కాల్చడం మొదలుపెడతాయి. ఈ జబ్బు మందు తాగేవాళ్ళకే వస్తుందని చాలామంది అనుకుంటారు. జన్మలో కల్లు చుక్క కూడా ముట్టని లచ్చవ్వకు వచ్చింది.

ఈ జబ్బుతో ఉన్న చిక్కు ఏమిటంటే, మొదటి రోజు అందరూ ఒక్క తీరుగానే కనిపిస్తారు. ఎక్కువమంది వారం లోపల లేచి ఇంటికి పోతారు. కొందరికి మాత్రం లోపల రాజుకున్నది ఊపిరితిత్తులకు, కిడ్నీలకు పాకుతుంది. ఎవరు ఏ దారిన పోతారో లైపేజ్ చెప్పదు. అది జబ్బు ఉందని చెబుతుందే గాని ఎంత తీవ్రమో చెప్పదు. అందుకని డాక్టర్లు బిసాప్ స్కోరు అని ఒకటి చూస్తారు. ఐదు ప్రశ్నలు. రక్తంలో యూరియా నైట్రోజన్ హద్దు దాటిందా? మనిషి తెలివి మందగించిందా? వయసు అరవై దాటిందా? ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందా? ఐదోది ఒంట్లో మంట ఎంత ఉందో చూసేది. జ్వరం, నాడి, ఊపిరి, తెల్లకణాలు, ఈ నాలుగింటిలో రెండు హద్దు దాటితే దానికి ఒక పాయింటు. మొత్తం మీద మూడు పాయింట్లొస్తే మా వంటి చిన్న ఆసుపత్రిలో ఉంచకూడదు. ఐసీయూ ఉన్నచోటికి పంపాలి. ఇదంతా సారు నాకు వేరే పేషెంట్ల దగ్గర రెండు మూడుసార్లు నేర్పించిందే.

లచ్చవ్వకు డ్రిప్ పెట్టి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చాను. నోటి ద్వారా ఏమీ పెట్టవద్దని సారు రాశారు. రజితను పక్కకు పిలిచి గట్టిగానే చెప్పాను. "సార్ చెప్పేదాంక నీళ్ళు సుత ఇయ్యద్దు. అడుగుతది, బతిమాలుతది. నువ్వు కరగద్దు."

"ఇయ్య సిస్టర్," అంది రజిత.

ఎదురు మంచం మీద కిడ్నీలో రాయితో ఒకాయన ఉన్నాడు. కథలాపూర్ వైపు నుంచి వచ్చాడు. నొప్పి వచ్చినప్పుడల్లా వార్డు అదిరేలా అరిచేవాడు. ఆయన వెంట వచ్చిన నలుగురు ఒకరి తర్వాత ఒకరు నా దగ్గరికి వచ్చి "మా మనిషి చచ్చేటట్టున్నడు, మీకు చీమ కుట్టినట్టు సుత లేదు" అనేవారు. నేను ఆ మంచానికీ నా టేబులుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. లచ్చవ్వ ఒక్కసారి కూడా పిలవలేదు. నేను సెలైన్ బాటిల్ మార్చడానికి పోతే, "పొద్దటి సంది నువ్వు కూసున్నది చూడలే బిడ్డా. ఇంత తిన్నవా?" అని అడిగింది. తిన్నానని అబద్ధం చెప్పాను.

గంటగంటకూ వైటల్స్ రాయాలి. జ్వరం, నాడి, బీపీ, శాచురేషన్ అంటే రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో, తర్వాత రెస్పిరేటరీ రేటు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో అది. మిగతా వాటన్నింటికీ మిషన్లున్నాయి. వేలికి క్లిప్పు పెడితే రెండు అంకెలు వాటంతట అవే వస్తాయి. ఊపిరికి మాత్రం మా దగ్గర మిషన్ లేదు. పొట్ట మీద చెయ్యి పెట్టి, గడియారం చూస్తూ, నిమిషం సేపు లెక్కపెట్టాలి. ఇరవై రెండు మంచాలు, వరండాలో ఇంకో ఆరు. అంత తీరిక ఎవరికి? చూడగానే ఆయాసం తెలిసేవాళ్ళు తప్ప, మిగతా అందరి కేస్‌షీట్లలోనూ మేం ఒకటే అంకె వేసేవాళ్ళం. ఇరవై. నాకు ముందు పనిచేసినవాళ్ళూ అదే వేశారు. నేను చదువుకునేటప్పుడు వార్డులో చూసిందీ అదే. ఆ రోజు లచ్చవ్వ షీటులో పది గంటలకు ఇరవై రాశాను. పదకొండుకు ఇరవై. పన్నెండుకు ఇరవై.

రెండు గంటలప్పుడు రజిత నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"సిస్టర్, మా అవ్వ దమ్ము జల్ది జల్ది తీస్కుంటున్నది."

నేను ఎవరికో ఇంజెక్షన్ లోడ్ చేస్తున్నాను. "నొప్పికి గట్లనే ఉంటది," అన్నాను, తల ఎత్తకుండా.

కొంచెం సేపటికి మళ్ళీ వచ్చింది. "ఒక్కసారి చూడరాదు సిస్టర్. ఉరికొచ్చిన మనిషి లెక్క తీస్తున్నది."

పోయాను. వేలికి క్లిప్పు పెట్టాను. శాచురేషన్ తొంభై ఐదు. "ఆక్సిజన్ మంచిగనే ఉన్నది, భయపడకు," అని చెప్పి వచ్చేశాను. మొత్తం అర నిమిషం పట్టి ఉండదు. లచ్చవ్వ ముఖం చూశానో లేదో నాకు గుర్తు లేదు. ఎంత గుర్తుచేసుకున్నా రాదు.

నాలుగు గంటలకు సారు రౌండ్స్‌కు వచ్చారు. మధ్యాహ్నం పంపిన రెండో రక్తపు రిపోర్టు అప్పుడే వచ్చింది. పొద్దున హద్దులోనే ఉన్న యూరియా ఇప్పుడు దాటింది. ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి అడుగున కాస్త నీరు. సారు మంచం పక్కన నిలబడి వేళ్ళు మడిచారు.

"యూరియా ఒకటి. నీరు ఒకటి. వయసు లేదు. మాట్లాడుతున్నది మంచిగనే. జ్వరం లేదు, తెల్లకణాలు పదకొండు వేలు, పన్నెండు దాటలే. నాడి నూట నాలుగు, అదొక్కటి హద్దు దాటింది. రెస్పిరేషన్ ఎంత సిస్టర్?"

నేను కేస్‌షీట్ చూసి చెప్పాను. "ఇరవై సార్."

"ఇరవై దాటితెనే లెక్క. అంటే రెండే." సారు ఒక్క క్షణం ఆలోచించారు. "ఇంకొకటి ఉంటే ఇప్పుడే కరీంనగర్ పంపుతుంటిమి. రాత్రి చూద్దాం. పొద్దున మళ్ళ బ్లడ్ పంపున్రి."

లచ్చవ్వ ఆయనకు దండం పెట్టింది. ఆమె కూర్చుని ముందుకు వంగి ఉంది. చీర కొంగు ఎదపైన లేస్తూ పడుతూ ఉంది. అది నాకు ఇప్పుడు కనిపిస్తుంది. అప్పుడు కనిపించలేదు.

ఎనిమిదింటికి డ్యూటీ అప్పగించి ఇంటికి పోయాను. నా తర్వాత వచ్చిన అమ్మాయి కూడా నా అంకె కిందే తన అంకె రాసింది. అదీ ఇరవయ్యే. ఆమెను అనడానికి నాకు నోరు లేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి వార్డులో అడుగుపెట్టేసరికి రజిత గుమ్మంలోనే నిలబడి ఉంది. "అవ్వ మాట్లాడుతలేదు సిస్టర్. పిలిస్తే కండ్లు తెరుస్తున్నది, మళ్ళ మూస్తున్నది."

శాచురేషన్ ఎనభై ఆరు. మూత్రం సంచిలో రాత్రంతా కలిసి అడుగున కొంచెమే ఉంది. ఆక్సిజన్ పెట్టి సారును పిలిచాను. ఆయన వస్తూనే అడిగారు. "రెస్పిరేషన్ లెక్కపెట్టు."

అప్పుడు పెట్టాను. ఆమె పొట్ట మీద చెయ్యి ఆనించి, గడియారం చూస్తూ, ఒక నిమిషం. ముప్పై నాలుగు. ఒంటి వేడి నా అరచేతికి తగులుతోంది. లెక్క పెడుతుంటేనే నాకు అర్థమైంది, ఈ పని నేను నిన్న ఒక్కసారి కూడా చేయలేదని.

సారు కేస్‌షీట్ తిరగేశారు. నిన్నటి గడులన్నీ వరసగా ఇరవై. ఆయన వేలు నాలుగు గంటల గడి మీద ఆగింది. నా వైపు చూశారు. నేను కింద చూశాను. "అంబులెన్స్ పిలువున్రి," అన్నారు.

స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు లచ్చవ్వ కళ్ళు తెరిచింది. మాస్కు లోపలి నుంచి ఏదో అంది. రజిత వంగి విని నాతో చెప్పింది. "మిమ్ములనే, తకిలీఫ్ ఇచ్చిన, తిప్పలు పెట్టిన అంటున్నది."

కరీంనగర్‌లో వెంటిలేటర్ మీద పెట్టారు. కిడ్నీలు పనిచేయడం మానేశాయి. నాలుగో రోజు మధ్యాహ్నం సారుకు అక్కడి డాక్టరు నుంచి ఫోను వచ్చింది. సారు నా టేబుల్ దగ్గరికి వచ్చి, "ముత్యంపేట అవ్వ పోయిందట," అని చెప్పి నిలబడ్డారు.

అప్పుడు చెప్పాను. "సార్, నేను ఆరోజు లెక్కపెట్టలేదు. రాసేసిన."

ఆయనకు ముందే తెలుసని ఆయన ముఖమే చెప్పింది. "ఛాతి మీద స్టెతస్కోపు పెట్టింది నేను. నాక్కూడ తెల్వాల్సింది."

"లెక్కపెట్టుంటే బతికేదా సార్?"

"చెప్పలేం. ఈ జబ్బు ముందే పంపినోళ్ళను కూడ తీస్కపోతది. కాని పదహారు గంటలు చేతుల ఉంటుండె."

ఆ ఆదివారం చర్చిలో అందరూ మోకరిస్తే నేనూ మోకరించాను. కళ్ళు మూస్తే ఒకదాని కింద ఒకటి ఇరవైలు కనిపించాయి. ఇంట్లో మా ఆయనకు కూడా చాలా రోజులు చెప్పలేదు.

ఆరు నెలలు గడిచాయి. శివరాత్రి దగ్గరపడుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం ఓపీ వరసలో రజిత కూర్చుని ఉంది. మొదట గుర్తుపట్టలేదు. మనిషి సగమైంది. కడుపులో నొప్పని, తల్లికి వచ్చిన జబ్బే తనకూ వచ్చిందేమోనని భయపడి, సిరిసిల్లలో ఇన్ని ఆసుపత్రులుండగా మా దగ్గరికే వచ్చింది. అవ్వను చూసిన సారే చూడాలని.

రక్తం తీశాం, స్కానింగు చేయించాం. ఏమీ లేదు. సరిగ్గా తినక, కడుపు ఎండబెట్టుకోవడం వల్ల వచ్చిన నొప్పి అని సారు చెప్పారు. రిపోర్టులు చేతికొచ్చేదాకా నర్సుల గదిలో కూర్చోబెట్టి చాయ తెప్పించాను. ఆమె గ్లాసు ముట్టలేదు.

"నేను చాయ తాగ సిస్టర్. ఇడిసిపెట్టిన."

"ఎందుకు?"

ఆమె తలుపు వైపు చూసింది, ఎవరైనా వింటారేమోనన్నట్టు. "ఎవ్వలకు చెప్పలే సిస్టర్. మా ఆయనకు సుత చెప్పలే. ఆ దినం అవ్వ గొంతెండుతున్నదని ఒక్కతీరుగ బతిమాలింది. ఓ గుక్క చాయతోని తడుపు బిడ్డా అన్నది. మీరు గా కిడ్నీరాయి ఆయన కాడ ఉన్నరు. ఫ్లాస్కు మూతల పోసి రెండు గుక్కలు తాపిన. నీళ్ళు సుత ఇయ్యద్దని మీరు చెప్పంగ చెప్పంగ తాపిన." ఆమె చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. "తెల్లారి అవ్వ లేవలే. నా చేతులతోని నేనే చంపుకున్న గద సిస్టర్?"

ఆరు నెలలు ఈ పిల్ల ఇది మోసింది. సిరిసిల్లలో మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ, అన్నం ముందర కూర్చుని లేచిపోతూ మోసింది.

"లేదు రజితా," అన్నాను. "రెండు గుక్కల చాయతోని ఎవ్వరు చావరు. ఈ జబ్బుల కడుపు ఓర్చుకుంటే తొందరగనే తినబెట్టుమని ఇప్పుడు డాక్టర్లే చెప్తున్నరు. నువ్వు తాపింది తప్పు కాదు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "మీరు నన్ను ఓదారుస్తున్నరు."

నిజమే, అందరూ ఓదారుస్తారు. నేను చెప్పింది వైద్యం ప్రకారం అక్షరాలా నిజం. అయినా ఆమె చెవికి అది ఓదార్పు మాటలాగే వినిపించింది. అసలు సంగతి చెప్పకుండా ఆమె చేత ఆ బరువు దింపించే దారి నాకు కనపడలేదు. లేచి తలుపు దగ్గరికి వేసి, వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"మీ అవ్వ దమ్ము జల్ది జల్ది తీస్కుంటున్నదని నువ్వు చెప్పినవు. యాది ఉన్నదా?"

"ఉన్నది."

"నేను లెక్కపెట్టలేదు. ఇరవై అని రాసేసిన. పొద్దటి సంది అన్ని గంటలకు గట్లనే రాసిన. నాలుగు గంటలకు సార్ అడిగితే గదే చెప్పిన. నిజంగ లెక్కపెడితే ఇరవై దాటి ఉంటుండె. దాటిందని చెప్పుంటే సార్ అప్పుడే కరీంనగర్ పంపుతుండె."

బయట వరండాలో ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు.

"నేను రెండుసార్లు చెప్పిన సిస్టర్," అంది.

"ఔ. రెండుసార్లు చెప్పినవు."

"మీరచ్చి వేలికి పెట్టి చూసి, మంచిగనే ఉన్నదన్నరు."

"ఔ."

"పంపుతే బతుకుతుండెనా?"

"తెల్వది రజితా. బతికేదని అబద్ధం చెప్పలేను, బతికేది కాదని చెప్పి నేను తప్పించుకోలేను. పదహారు గంటల ముందు కరీంనగర్ పోతుండె. నాకు తెలిసింది గంతే."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. చెంప మీద కొట్టినా కూర్చునే ఉండేదాన్ని. ఆమె నన్నే చూసింది. మొదట కోపం వచ్చింది ఆ చూపులోకి, అది నాకు స్పష్టంగా తెలిసింది. తర్వాత కోపం కూడా అలిసిపోయినట్టయింది.

"గీ ఆరు నెలలల్ల ఒక్కసారన్న ఫోన్ చేసి చెప్తే ఏమయితుండె?" అంది. "నా నంబరు మీ కాయితంల ఉండె గద."

లెక్కపెట్టకపోవడం ఒక తప్పు. చెప్పకపోవడం ఇంకొకటి. రెండోది ఆమె అడిగేదాకా నేను తప్పుగానే చూడలేదు. భయం అనుకున్నాను, బాధ అనుకున్నాను.

రిపోర్టులు వచ్చాయి. ఆమె వాటిని సంచిలో పెట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఇప్పుడు లెక్కపెడ్తున్నరా?"

"పెడ్తున్న."

"అందరికి?"

"అందరికి."

తల ఊపి వెళ్ళిపోయింది. నన్ను క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. ఆ తర్వాత ఆమె నాకు కనపడలేదు. ఇంటికి పోయి అన్నం తిన్నదో లేదో తెలుసుకోవాలని ఎన్నోసార్లు అనిపించింది. నంబరు దగ్గరే ఉంది. ఆమె చేయమనలేదు గనక చేయలేదు.

ఇప్పుడు నేను జగిత్యాలలో ఒక నర్సింగ్ స్కూలులో పిల్లలకు చెబుతున్నాను. పాంక్రియాటైటిస్ పాఠం వచ్చినప్పుడు స్కోరులోని ఐదు ప్రశ్నలూ బోర్డు మీద రాస్తాను. తర్వాత లచ్చవ్వ సంగతి చెబుతాను. వేరే నర్సెవరో చేసినట్టు కాదు, నేను చేసినట్టే చెబుతాను. పేర్లు మాత్రం మారుస్తాను, ఇక్కడ మార్చినట్టే.

పోయిన ఏడు ఒక పిల్ల లేచి అడిగింది. "మేడం, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతోని గుణిస్తే కాదా? నిమిషం అంటే చాన టైమయితది."

ఊపిరి కుదురుగా ఉండదు, కాసేపు వేగం, కాసేపు నిదానం, నిమిషం చూస్తేనే అసలు లెక్క తెలుస్తుందని పుస్తకంలో ఉన్న సమాధానం చెప్పాను. నా సమాధానం కూడా చెప్పాను. ఆ నిమిషం సేపు మనిషి పక్కన నిలబడతాం. ముఖం చూస్తాం. పక్కనున్న బిడ్డ ఏదో చెబితే చెవిన పడుతుంది. స్కోరు డాక్టరు వేసేదే గాని, అందులో పడే అంకెలు మన చేతి నుంచి పోతాయి. పొద్దటి నుంచి ఆ మంచం పక్కన కూర్చున్న మనిషికి మన మిషన్లకంటే ముందే తెలుస్తుంది.

"మరి నిజంగ టైం లేకపోతే మేడం?" అంది ఆ పిల్ల. వెక్కిరించడానికి కాదు. ముప్పై మంచాల వార్డులో ఒక్కతే నిలబడే రోజు తనకూ వస్తుందని ఆమెకు తెలుసు.

"లేకపోతే రాయకు," అన్నాను. "గడి ఖాళీగా వదిలెయ్. సార్ తిడతడు, పడు. ఖాళీ గడి చూస్తే ఎవరో ఒకరు ఆగి అడుగుతరు. నింపిన గడిని ఎవ్వరూ అడగరు."